రెండు కుడిచేతులు

"కదలకు నాన్నా. కదిలావంటే నీకు ఆరో వేలు మొలుస్తుంది."

నాన్న నవ్వాడు గానీ చెయ్యి కదపలేదు. బల్ల మీద పరిచిన తెల్లకాగితం మీద ఆయన కుడిచెయ్యి వేళ్ళన్నీ విప్పుకుని పడుకునుంది. కూతురు పెన్సిలు నిటారుగా పట్టుకుని మణికట్టు దగ్గర మొదలుపెట్టి, బొటనవేలి చుట్టూ తిరిగి, చూపుడువేలు ఎక్కి దిగి, ఉంగరం వేలి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మ గిన్నెలు తెచ్చి బల్ల మీద దబ్బున పెట్టింది. పెన్సిలు జారి ఉంగరం వేలి పక్కన గోరంత బొడిపె పడింది.

"అమ్మా! చూడు ఏం చేశావో!"

"నీ బొమ్మకి బల్లే దొరికిందా? అన్నాలు తినొద్దూ?" అంది అమ్మ.

ఇంట్లో ఆ పిల్లని గీతలమ్మ అంటారు. మాటల కన్నా ముందు గోడల మీద గీతలొచ్చాయని నాన్న పెట్టిన పేరు అది. ఇప్పుడు గ్రాఫిక్ డిజైన్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆఖరి ప్రాజెక్టుగా ఒక మిషను దగ్గర ప్రమాదం జరక్కుండా ఆపే హెచ్చరిక తయారుచెయ్యాలి. మిషను కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. నాన్న ప్రింటింగు ప్రెస్సులో కటింగ్ మాస్టారు. కాగితం దొంతరలు కోసే కత్తిమిషను మీద ఇరవై ఏళ్ళ చెయ్యి ఆయనది.

మొదట ఆమె ఎర్రటి పోస్టరు వేసింది. తెగిన వేళ్ళు, నెత్తుటి బొట్లు. నాన్న దాన్ని తీసుకెళ్ళి ప్రెస్సు గోడకి కొట్టాడు. మూడో రోజు వెళ్ళి చూస్తే ఆ మేకుకి ఎవరిదో చొక్కా వేలాడుతోంది. రెండోసారి బొమ్మ తీసేసి 'చెయ్యి జాగ్రత్త' అని పెద్దక్షరాలు పెట్టింది. కాలేజీలో రబ్బరు సారు దాన్ని చూసి, "కోసేవాడు కాగితం వైపు చూస్తాడా, నీ గోడ వైపా?" అన్నాడు. పిల్లలు గీసినవన్నీ చెరిపించి మళ్ళీ గీయిస్తాడని ఆయనకా పేరు.

ఆ మాట పట్టుకుని రెండు వారాలు ఆలోచించింది. భయపెట్టే బొమ్మనుంచి కన్ను తప్పించుకుంటుంది, చెప్పే మాటకి అలవాటుపడిపోతుంది. కానీ ఖాళీగా ఉన్న చెయ్యి ఆకారం కనబడితే? దాని మీద చెయ్యి పెట్టబుద్ధవుతుంది. చిన్నపిల్లలకైనా, ముసలివాళ్ళకైనా. అందులోనూ అది ఎవరో ముక్కూమొహం లేనివాడి చెయ్యి కాకుండా తన చెయ్యే అయితే, దాన్ని ఖాళీగా వదిలెయ్యడానికి మనసొప్పదు. కత్తిమిషనుకి ముందువైపు రెండు చివర్లా రెండు బటన్లుంటాయి. రెండూ ఒకేసారి నొక్కితేనే కత్తి దిగుతుంది. ఆ బటన్ల చుట్టూ, కోసే మనిషి చేతులే, అచ్చంగా అంతే కొలతలో, పసుపు రంగులో అంటించాలి. అదీ ఆమె ఆలోచన. రబ్బరు సారు మొదటిసారి ఏదీ చెరపమనలేదు.

"ఇప్పుడు ఎడమది పెట్టు నాన్నా."

నాన్న చెయ్యి ఒళ్ళోనే ఉంది. "అన్నం తిననీ ముందు. పొద్దున్నే నేనే గీసి పెడతాలే."

"నీకు నువ్వే ఎలా గీసుకుంటావు?"

"ఇరవై ఏళ్ళనుంచి కాగితంతో కాపురం చేస్తున్నా, ఆ మాత్రం చాతకాదా?"

తెల్లారి ఆమె లేచేసరికి నాన్న ప్రెస్సుకి వెళ్ళిపోయాడు. బల్ల మీద ఎడమచెయ్యి బొమ్మ ఉంది, పైన నీళ్ళగ్లాసు బరువుగా పెట్టి.

కాలేజీలో లైటుబల్ల మీద రెండు కాగితాలూ పెట్టి, శుభ్రమైన గీత తియ్యడానికి కూర్చుంది. ఎడమచెయ్యి ఉంగరం వేలి పక్కన చిన్న బొడిపె ఉంది. నాన్న కూడా పెన్సిలు జారవిడిచాడని నవ్వుకుంది. నవ్వు సగంలోనే ఆగింది. కుడిచెయ్యి కాగితాన్ని బోర్లించి ఎడమచేతి కాగితం కింద పెట్టింది. కింద దీపం వెలుగులో రెండు చేతులూ ఒకటైపోయాయి. మణికట్టు మీద మణికట్టు, వేలి మీద వేలు, నిన్న అమ్మ గిన్నె పెట్టినప్పుడు పడిన బొడిపె మీద బొడిపె.

నాన్న తన ఎడమచెయ్యి గియ్యలేదు. కుడిచేతి బొమ్మనే కిటికీ అద్దానికి తిరగేసి ఆనించి దిద్దాడు.

ముందు కోపమొచ్చింది. బద్ధకం కాకపోతే ఏమిటిది? తర్వాత ఒక్కొక్కటే గుర్తురావడం మొదలైంది. ఈ మధ్య నాన్న చొక్కా గుండీలు అమ్మ పెడుతోంది, "కొత్త పెళ్ళికొడుకు వేషాలు" అని విసుక్కుంటూ. టీ తాగుతూ పేపరు చదివే మనిషి, గ్లాసు కింద పెట్టాకే పేజీ తిప్పుతున్నాడు. మొన్న సంచీ అందిస్తే ఎడమచేత్తో అందుకోబోయి, ఆగి, ఒళ్ళంతా తిప్పి కుడిచేత్తో అందుకున్నాడు. అప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు లైటుబల్ల ముందు ఆమె పెన్సిలు పక్కన పెట్టేసింది. ఎడమచేతికి ఏదో అయింది, సరే. మరి ఎడమవైపు బటను ఎవరు నొక్కుతున్నారు?

మధ్యాహ్నం టేపూ నోటుబుక్కూ పట్టుకుని, మిషను కొలతలు కావాలని ప్రెస్సుకి వెళ్ళింది. ఇదివరకు చాలాసార్లు వచ్చింది గానీ ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడేది. ఈసారి సిరా వాసనలోంచి, కాగితాల కట్టల మధ్యనుంచి, కత్తిమిషను పక్కదాకా వెళ్ళింది. నాన్న ఆమెను చూడలేదు. పనిలో ఉన్నాడు.

ఆయన ఎడమచేతిని చెయ్యిలా వాడటం లేదు. చెక్కపలకని వాడినట్టు, చేతి వెనకవైపుతో దొంతరని లోపలికి నెడుతున్నాడు. కాలితో పెడలు తొక్కితే ఇనపపట్టీ దిగి కాగితాన్ని అదిమింది. కుడిచెయ్యి కుడిబటను మీదకి వెళ్ళింది. ఎడమచెయ్యి ఎక్కడికీ వెళ్ళలేదు, బల్ల అంచు మీదే ఉంది. నాన్న తల వంచి ఒకసారి దాని వైపు చూశాడు, అది ఎక్కడుందో కళ్ళతో వెతుక్కుంటున్నట్టు. అప్పుడు నొక్కాడు. కత్తి ఏటవాలుగా జర్రున దిగి, పైకి లేచింది.

ఎడమబటను లోపలికి నొక్కుకుపోయి ఉంది. మడిచిన అట్టముక్క ఒకటి దాని పక్కన గట్టిగా దూర్చి, పైన టేపు చుట్టి ఉంది. టేపు నూనె, చెమట పట్టి నల్లగా మెరుస్తోంది. నిన్నా మొన్నా కట్టింది కాదు.

మళ్ళీ దొంతర, మళ్ళీ పట్టీ, మళ్ళీ ఒక చూపు, కత్తి. మళ్ళీ దొంతర.

"అన్నా, ఆ లేబుళ్ళ కట్ట ఇటు పంపిస్తావా?" బైండింగ్ బల్ల దగ్గరనుంచి ఒకావిడ కేకేసింది.

నాన్న అటు తల తిప్పాడు. తల అటు తిరిగి ఉండగానే కుడిచెయ్యి తన పని తాను చేసుకుపోయింది. కత్తి దిగింది. ఎడమచెయ్యి దానికి నాలుగు వేళ్ళ దూరంలో ఉంది.

గీతలమ్మ చేతిలోని కొలతల టేపు జారి నేల మీద పడి గిరగిరా చుట్టుకుంది. ఆ చప్పుడుకి నాన్న ఇటు చూసి, "ఎప్పుడొచ్చావమ్మా?" అన్నాడు మామూలుగా. అని, బటనుకి ఆమెకి మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

ఆమె బైండింగ్ బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అక్కడ పనిచేసేది చిన్నప్పటినుంచీ అత్తా అని పిలిచే మనిషి. కాగితాలు మడుస్తూనే అత్త మాట్లాడుతుంది, చెయ్యి ఆగదు, నోరూ ఆగదు.

"అత్తా, ఆ బటనుకి అట్ట ఎవరు పెట్టారు? ఓనరు పెట్టమన్నాడా?"

"చిన్న ఓనరా? ఆయన ఆఫీసు గది దాటి ఇటు వస్తేగా! మీ నాన్నే పెట్టుకున్నాడు. ఒంటిచేత్తో అయితే పని తొందరగా తెములుతుందట. మేమూ అనలేదులే ఏమీ. ఎవరి మిషను వాళ్ళ ఇష్టం." అత్త గొంతు తగ్గించింది. "అచ్చు ప్లేట్లు తయారుచేసే తాత సంగతి తెలుసుగా? కళ్ళు మసకేస్తున్నాయన్నాడు పాపం, నోరు జారి. ఆ వారమే ఇంటికి పంపేశారు, గోడగడియారం చేతిలో పెట్టి. కళ్ళు కనబడనివాడికి గడియారం! అప్పటినుంచి ఇక్కడ ఎవరికీ ఏ రోగమూ రావట్లేదు."

సాయంత్రం నాన్నా ఆమే కలిసి నడిచి ఇంటికి బయల్దేరారు. నాన్న ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. రెండు వీధులు దాటాక ఆమె ఆయన ఎడమవైపుకి మారింది.

"నాన్నా, ఆ చెయ్యి ఇలా ఇవ్వు."

"రోడ్డు మీద ఏంటమ్మా?"

"ఇవ్వు."

ఇచ్చాడు. చెయ్యి బరువుగా, చల్లగా ఉంది. చిటికెనవేలూ ఉంగరం వేలూ లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఆమె ఆ చిటికెనవేలిని గోటితో గట్టిగా నొక్కింది. చంద్రవంకలా గుంట పడింది. నాన్న ఎదురుగా వస్తున్న బస్సు వైపు చూస్తున్నాడు.

"తెలుస్తోందా?" అంది.

"ఏంటి?"

"గిచ్చుతున్నా నాన్నా."

ఆయన కిందికి చూశాడు. చూశాక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎప్పటినుంచి?"

"నాలుగు నెలలవుతుంది. ముందు తిమ్మిరి అనుకున్నా. తర్వాత బటను మీద పెడితే వేళ్ళు జారిపోవడం మొదలైంది."

"డాక్టరుకి చూపించావా?"

"డాక్టరు చీటీ రాస్తాడు. చీటీ ప్రెస్సులో ఎవడో ఒకడి కంటపడుతుంది. నాకు గోడగడియారం వద్దమ్మా, ఇంట్లో ఒకటుంది." నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. "నేను చూసుకునే నొక్కుతున్నా. ప్రతిసారీ చూస్తా."

"ఇవాళ చూడలేదు. అత్త పిలిచినప్పుడు."

నాన్న నడక ఆగింది. చూడలేదన్న సంగతి ఆయనకి ఇప్పుడే తెలిసింది. పెదవులు తడుపుకున్నాడు. "అమ్మకి చెప్పకు," అన్నాడు.

"శుక్రవారం మా ప్రాజెక్టులు చూడటానికి బయటనుంచి వస్తున్నది ఎవరో తెలుసా? మీ చిన్న ఓనరే. కాలేజీ పుస్తకాలన్నీ అచ్చువేసేది మీ ప్రెస్సేగా, అందుకని పిలిచారు."

"అయితే నా చేతులు తీసెయ్," అన్నాడు నాన్న వెంటనే. ఆ మాట వేడికోలులా ఉంది. పుట్టి బుద్ధెరిగాక నాన్న తనని వేడుకోవడం ఆమె వినలేదు. "నీవి గీసి పెట్టు. ఎవరివైతే ఏం?"

ఆ రెండు రోజులూ ఆమెకి అన్నం సయించలేదు. చెబితే నాన్న పని పోతుంది. చెప్పకపోతే, ఏ నిమిషమైనా ప్రెస్సునుంచి ఎవరో పరుగెత్తుకొస్తారు. క్లాసులో తలుపు చప్పుడైతే చాలు, తనకోసమే వచ్చారనుకుని లేచి నిలబడేది. ఒకసారి ప్యూను వచ్చి ఏదో నోటీసు చదివిపోయాడు. ఆ నోటీసులో ఏముందో ఆమెకి ఒక్క ముక్క వినబడలేదు. పొద్దున్నే నాన్న గడప దాటుతుంటే ఆయన చేతుల వంక చూసేది. సాయంత్రం ఆయన రాగానే ముందు చేతులే చూసేది.

తన చేతులే గీసింది. పసుపు కాగితం మీద కత్తిరించి అంటించింది. చిన్న చేతులు, సన్నటి వేళ్ళు. ఇరవై ఏళ్ళు కాగితం మోసిన చేతుల చోట అవి బొమ్మల పెళ్ళిలో చేతుల్లా ఉన్నాయి. మొత్తం ఆలోచనే అబద్ధమైపోయింది, ఆ సంగతి ఆమెకి తెలుసు.

శుక్రవారం రబ్బరు సారు బోర్డు ముందు నిలబడి కళ్ళజోడు సవరించుకున్నాడు. "కోసేవాడి సొంత చేతులు అన్నావు. ఇవెవరివి?"

"నావి సార్."

"ఎందుకని?"

ఆమె చూపు పక్కకి పోయింది. సారు పక్కన చిన్న ఓనరు నిలబడున్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు. మామగారు పోయాక ప్రెస్సు ఆయన చేతికొచ్చింది. ఆయన వంగి, నమూనాగా చేసిన బల్ల మీద పసుపు చేతుల్లో తన చేతులు పెట్టాడు. అడగకుండానే పెట్టాడు. పట్టకపోతే నవ్వాడు.

"చూశారా, నాకు తెలీకుండానే పెట్టేశాను!" అన్నాడు రబ్బరు సారుతో. "నువ్వు మా మాస్టారి అమ్మాయివి కదూ? ఇది నాకు కావాలమ్మా. రేపే మా మిషనుకి అంటిద్దాం. మాస్టారి చేతులు నువ్వే గీయి. అందర్నీ పిలుస్తాను, అందరూ చూడాలి."

"సార్, రేపు..." అంది.

"శనివారమేగా, కాలేజీ లేదుగా?"

ఆమెకి క్లాసు మొత్తంలో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. స్నేహితులు వీపు తడుతుంటే ఆమె బోర్డు కూడా తీసుకోకుండా ఇంటికి పరుగెత్తింది. సంతోషం పట్టలేక అనుకున్నారు వాళ్ళు.

ఇంట్లో ఆమె చెప్పిందంతా నాన్న గోడకి ఆనుకుని విన్నాడు. వంటింట్లోంచి అమ్మ వచ్చి ఇద్దరి మొహాలూ చూసింది.

"చెయ్యి సంగతేనా?" అంది.

నాన్న ఉలిక్కిపడ్డాడు.

"నేను గుండీలు పెడుతున్నది నీ అందం చూసి అనుకున్నావా? నువ్వే చెబుతావని చూస్తున్నా." కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ సగంలో ఆగిపోయింది. "ఆ మిషనుకి రెండు బటన్లుంటాయని చెప్పేవాడివిగా. మరి రెండోది ఎలా నొక్కుతున్నావు?"

నాన్న కుడిచేత్తో ఎడమచేతిని కప్పుకున్నాడు. అమ్మ నేల మీద చతికిలబడింది.

శనివారం పొద్దున్న ప్రెస్సులో మిషన్లన్నీ ఆపేశారు. ఆ నిశ్శబ్దం గీతలమ్మకి కొత్త. పదిమంది దాకా కత్తిమిషను చుట్టూ నిలబడ్డారు. చిన్న ఓనరు ఉత్సాహంగా ఉన్నాడు, రెండు ముక్కలు మాట్లాడాడు కూడా. ఆమె బల్ల మీద కాగితం పరిచి, అంచులకి టేపు వేసింది. వేస్తూ, పెదవులు కదలకుండా, "చెయ్యి బెణికిందని చెబుతాను నాన్నా. వారం గడువు అడుగుతాను," అంది.

నాన్న కుడిచెయ్యి పెట్టాడు. ఆమె గీసింది. అయ్యాక ఆయన ఆ కుడిచేత్తోనే జేబులోంచి ఎడమచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని తీశాడు. పగిలే వస్తువుని పెట్టినట్టు తెచ్చి కాగితం మీద పెట్టాడు.

"గీయి," అన్నాడు.

పెన్సిలు బొటనవేలి చుట్టూ తిరిగింది, చూపుడువేలు, నడిమివేలు. తర్వాత వేళ్ళు లేవు. ముడుచుకున్న ముద్ద ఉంది. ఆమె దాని చుట్టూ అలాగే గీసింది.

"వేళ్ళు చాపండి మాస్టారూ," అన్నాడు ఓనరు.

"అవి విచ్చుకోవు సార్."

ఓనరు ఆ చేతినీ, కాగితాన్నీ, మళ్ళీ చేతినీ చూశాడు. ఆయన చూపు అక్కడనుంచి మెల్లగా ఎడమవైపు చివరికి వెళ్ళింది. వెళ్ళి టేపు గోటితో గీకాడు. పీకి, అట్టముక్క ఊడబెరికాడు. లోపల ఇరుక్కున్న బటను టప్పున బయటికి దూకింది.

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగు నెలలు సార్."

"నాలుగు నెలలనుంచి... ఈ చెయ్యి ఇక్కడ పెట్టుకుని..." ఓనరు అట్టముక్కని చేతిలో నలిపాడు. "నాకెందుకు చెప్పలేదు?"

నాన్న నేల చూపులు చూశాడు. బైండింగ్ అత్తే అంది, "చెబితే గడియారం ఇస్తారని."

ఎవరో కిసుక్కున నవ్వి వెంటనే నోరు మూసుకున్నారు. ఓనరు మొహంలో నెత్తురు లేదు. వెనక్కి రెండడుగులు వేసి కాగితం కట్ట మీద కూర్చున్నాడు. ఇప్పుడు అరుస్తాడని గీతలమ్మ చూసింది, పొమ్మంటాడని చూసింది. ఆయన తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు.

"మీరింక దీని మీద కొయ్యకండి మాస్టారూ," అన్నాడు చివరికి. "సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంకో మనిషి దొరికేదాకా పక్కన నిలబడి చెప్పండి చాలు."

"దొరికాక?"

నాలుగు నెలలుగా ఆ మాట అడగలేకే నాన్న చెయ్యి కత్తి కింద పెట్టాడు. ఇప్పుడు అందరి ముందూ అడిగాడు.

ఓనరు తల ఎత్తాడు. "తెలీదు మాస్టారూ. ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యగలను, కానీ నిజంగా తెలీదు. బైండింగులో చూద్దామా, లెక్క చూసుకునే చోట పెడదామా... ఆలోచించనివ్వండి."

"మధ్యాహ్నానికి లేబుళ్ళు వెళ్ళాలి సార్," అన్నారెవరో వెనకనుంచి. "కొయ్యడం ఇంకెవరికీ రాదు."

ఓనరు లేచాడు. జేబులోని పెన్నులు తీసి అత్త బల్ల మీద పెట్టాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, మిషను ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"చెప్పండి మాస్టారూ. ఏం చెయ్యాలి?"

నాన్న ఆయన కుడిభుజం పక్కకి చేరాడు. "ముందు కాగితం తట్టండి. అలా కాదు సార్, అంచులు కలవాలి. ఆఁ. లోపలికి నెట్టండి. చెయ్యి కాదు, ఆ చెక్కతో నెట్టండి. ఇప్పుడు పెడలు."

ఇనపపట్టీ దిగింది. ఓనరు ఒక్క ఉదుటున వెనక్కి గెంతాడు.

"అది కత్తి కాదు సార్, పట్టీ," అన్నాడు నాన్న. ఆ గొంతులో బతిమాలే చప్పుడు లేదు. చిన్నప్పుడు తనకి సైకిలు నేర్పినప్పటి గొంతు అది. "రండి ముందుకి. రెండు చేతులూ రెండు బటన్ల మీద పెట్టండి. నేను చెప్పాక నొక్కండి. పైకి వచ్చేదాకా వదలొద్దు."

ఓనరు చేతులు చాచాడు. నుదుటి మీద చెమట పట్టి ముక్కు దాకా జారింది, తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు. గీతలమ్మ తన రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని నిలబడింది.

"నొక్కండి."

కత్తి జర్రున దిగి పైకి పోయింది. ఓనరు చేతులు బటన్ల మీదే ఉన్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు, మొహమంతా ముడతలు పడేలా.

"కళ్ళు తెరవండి సార్," అన్నాడు నాన్న. "కాగితమే తెగింది."